బ్రెడ్డు మీద ఏం రాసుకోవాలి?

వంటింటి సందేహాల శీర్షికకు ఈమధ్య తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి గోల ఒక్కటే. బ్రెడ్డుకో చపాతీకో రాసుకునేది మానలేం, బరువేమో తగ్గాలి, ఏం చేయమంటారు అని. అందుకే వాటన్నిటినీ ఒకచోట పెట్టి జవాబిస్తున్నాం.

ప్రశ్న: పొద్దున రెండు బ్రెడ్డు ముక్కలకు పీనట్ బటర్ (వేరుశనగ గింజల ముద్ద) దట్టంగా రాసుకుని తినడం నాకు అలవాటు. నూనె తీసేసిన పీనట్ బటర్ పొడి దొరుకుతోందంటే తెప్పించాను. మామూలు దానికి రెండు చెంచాలకు 190 కేలరీలైతే, ఈ డబ్బా మీద 60 లోపే ఉంది. తీరా నీళ్లు కలిపితే గోడకు సున్నం కలిపినట్టుంది. నోట్లో ఇసుక, రుచి సున్నా. కలపడం నాకు చేతకాలేదా, సరుకే అంతా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: రెండూ కొంచెం కొంచెం. ముందు ఆ లెక్క సంగతి చూద్దాం. మామూలు పీనట్ బటర్ రెండు పెద్ద చెంచాలు తూస్తే 32 గ్రాములు, అందులో కొవ్వే 16 గ్రాములు. పొడి రెండు పెద్ద చెంచాలు తూస్తే 12, 13 గ్రాములకు మించదు. చెంచా నిండుగానే కనబడుతుంది గానీ అందులో సగం గాలి. గ్రాముకు గ్రాము పోల్చండి. 100 గ్రాముల పీనట్ బటర్‌లో 590 దాకా కేలరీలుంటే, 100 గ్రాముల పొడిలో 400 నుంచి 450 ఉంటాయి. అంటే నూనె పిండేసినందువల్ల తగ్గింది పావు వంతు చిల్లర. మిగతా తగ్గుదల మీరు పోసే నీళ్ల పుణ్యం. 12 గ్రాముల పొడికి 18 మి.లీ. నీళ్లు కలిస్తే 30 గ్రాముల ముద్ద వస్తుంది, దానికి 55 కేలరీలు. కాబట్టి మోసమేమీ లేదు, లాభం నిజమే. కాకపోతే నీళ్లు ఎక్కువయ్యాయని ఇంకో రెండు చెంచాల పొడి వేసుకుంటే ఆ లాభం అక్కడే కరిగిపోతుంది.

ఇక కలిపే పద్ధతి. నీళ్లన్నీ ఒకేసారి పోయడం వల్లే ఉండ కడుతుంది. పైపొర తడిసి జిగురై, లోపలికి నీళ్లు పోనివ్వదు. 12 గ్రాముల పొడికి ముందు రెండు చిన్న చెంచాల గోరువెచ్చని నీళ్లు మాత్రమే పోసి, చెంచా వెనకవైపుతో గిన్నె అంచుకేసి మెదపండి. చపాతీ పిండిలా గట్టిగా ఉన్నా కంగారు పడొద్దు. ఐదు నిమిషాలు అలా వదిలేయండి. గింజలోని మాంసకృత్తులు, పీచు నీళ్లు పీల్చుకోవడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. మీ నోటికి తగిలిన ఇసుక ఈ ఐదు నిమిషాలు ఆగకపోవడం వల్ల వచ్చిందే. ఆ తర్వాత ఇంకో చెంచా, చెంచాన్నర నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ తిప్పితే రాసుకునే జారుకు వస్తుంది.

రుచి చప్పగా ఉండడం మాత్రం మీ తప్పు కాదు. వేయించిన గింజ ఘుమఘుమ చాలావరకు నూనెనే పట్టుకుని ఉంటుంది. నూనె పోతే దాంతో పాటే వాసనా పోయింది. కొంచెం తిరిగి తెచ్చుకోవాలి. అర చెంచా గానుగ వేరుశనగ నూనె, అంటే రెండు గ్రాములు, ముద్దలో కలిపితే 18 కేలరీలు పెరుగుతాయి, తేడా మాత్రం నాలుకకు వెంటనే తెలుస్తుంది. లేదా సగం సగం పద్ధతి. 16 గ్రాముల మామూలు పీనట్ బటర్, 6 గ్రాముల పొడి, 10 మి.లీ. నీళ్లు. దీనికి 120 కేలరీలు అవుతుంది, తిన్నవాళ్లు ఇది తగ్గించినదని పసిగట్టడం కష్టం. మాకు నచ్చింది ఈ రెండోదే. చిటికెడు ఉప్పు మరవకండి, డబ్బాలో ముందే ఉప్పూ చక్కెరా కలిపారేమో వెనక చూసి మరీ వేయండి.

ఈ ముద్ద తడిది కాబట్టి బ్రెడ్డును నానబెడుతుంది. ముక్కల్ని పెనం మీద కాల్చుకుని, తినేముందు రాసుకోండి. పిల్లల క్యారియర్‌లో పెట్టి పంపితే మధ్యాహ్నానికి బ్రెడ్డు మెత్తబడి చినుగుతుంది. వేరుశనగ పడనివాళ్లకు నూనె తీసినా పడదు. పడనిది అందులోని మాంసకృత్తులే, అవి పొడిలో ఇంకా చిక్కగా ఉంటాయి.

ఇంకో మాట. వేరుశనగ నూనె శత్రువేమీ కాదు. రోజుకు 10 గ్రాములు, అంటే 60 కేలరీల మామూలు పీనట్ బటర్ తూచి పలచగా రాసుకుని తృప్తిగా తినగలిగితే ఈ పొడుల గొడవే అక్కర్లేదు. వంటింటికి ఒక డిజిటల్ కాటా కొనండి. బ్రెడ్డు ముక్కను కాటా మీద పెట్టి, సున్నా నొక్కి, ఆ తర్వాత రాయండి. మీ 'రెండు చెంచాలు' నిజానికి ఎన్ని గ్రాములో మొదటిరోజే తేలిపోతుంది.

ప్రశ్న: ఆ పొడి మాకు గిట్టుబాటు కాదు. చెనిగ్గింజలు ఇంట్లోనే ఉండగా వెయ్యి రూపాయలు పోసి కొనాలా? ఇంట్లో చేసుకునే దారి చెప్పండి.
– ఒక రైతు కుటుంబం, పలమనేరు

జవాబు: ఇంట్లో మిక్సీతో నూనె తీయలేం. ఎంత తిప్పినా నూనె గింజలోంచి బయటికొచ్చి అదే జార్‌లో ఉంటుంది. కాబట్టి నూనె తీయడం బదులు, నూనె తక్కువున్న పప్పునొకదాన్ని జోడించడమే దారి. పుట్నాల పప్పు అందుకు సరిగ్గా సరిపోతుంది. వేరుశనగ గింజల్లో 100 గ్రాములకు 567 కేలరీలు, 49 గ్రాముల కొవ్వు. పుట్నాల్లో 370 దాకా కేలరీలు, కొవ్వు ఐదారు గ్రాములే.

గింజలు 100 గ్రాములు, పుట్నాలు 100 గ్రాములు తూచుకోండి. గింజల్ని సన్నమంట మీద 10 నుంచి 12 నిమిషాలు కలుపుతూ వేయించండి. పొట్టు చిట్లి, ఒక గింజ విరిచి చూస్తే లోపల లేత గోధుమరంగు రావాలి. పెద్దమంట పెడితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది, ఆ చేదు ఎన్ని నీళ్లు పోసినా పోదు. పూర్తిగా ఆరాక పొట్టు నలిచి చెరగండి.

పుట్నాల్ని ముందు విడిగా, పొడి జార్‌లో మెత్తగా పట్టి, జల్లించి పక్కన పెట్టండి. రెండూ కలిపి ఒకేసారి వేస్తే గింజల నూనె పుట్నాల చుట్టూ పట్టేసి అవి బరకగా మిగిలిపోతాయి. తర్వాత చట్నీ జార్‌లో గింజలొక్కటే వేసి పట్టండి. ముందు పొడి అవుతుంది, తర్వాత ముద్ద కట్టి అంచులకు అంటుకుంటుంది, ఇంకా తిప్పితే నూనె వదిలి జారుగా మారుతుంది. మొత్తం మూడు నాలుగు నిమిషాలు, కానీ అరనిమిషానికోసారి ఆపి అంచులు దులపాలి. ఆపకుండా తిప్పితే మోటారు వేడెక్కి కమురు వాసన వేస్తుంది. ఇప్పుడు పుట్నాల పొడి, అర చెంచా ఉప్పు వేసి కలిపేయండి.

ఈ దశలో నీళ్లు పోయకండి. నీళ్లు తగలని ఈ మిశ్రమాన్ని తడిలేని సీసాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే నెల రోజులు వస్తుంది. నీళ్లు తగిలిన మరుక్షణం నుంచి అది మూడురోజుల సరుకు. పీనట్ బటర్ డబ్బా నెలల తరబడి పాడవకపోవడానికి కారణం అందులో తడి దాదాపు లేకపోవడమే. కేలరీలు తగ్గించేదీ నీళ్లే, పాడుచేసేదీ నీళ్లే.

తినేటప్పుడు 20 గ్రాముల మిశ్రమానికి కాచి చల్లార్చిన నీళ్లు 18 నుంచి 20 మి.లీ. కలపండి. మొదటి చెంచా నీళ్లకు జారుగా ఉన్నది కాస్తా బిర్రబిగుసుకుపోతుంది. ఇక్కడే చాలామంది పాడైపోయిందని పారేస్తారు. పారేయొద్దు. తక్కువ నీళ్లకు పిండి అంతా ఒకదానికొకటి అతుక్కుంటుంది, ఇంకో రెండు చెంచాలు పడితే తిరిగి విడుతుంది. చివరికి వచ్చే 40 గ్రాముల ముద్దకు 95 కేలరీల లోపే. అంతే బరువు అసలు పీనట్ బటర్ అయితే 235.

ఇంతా చేస్తే ఇది చట్నీయే కదా అంటారేమో. అవును, చట్నీయే! రాగిసంగటిలోకి మనం నూరుకునే ఊరిబిండిని కొంచెం మెత్తగా నూరి, నీళ్లు తగ్గిస్తే బ్రెడ్డుకు రాసుకునే సరుకే అవుతుంది. ఉల్లిపాయ, టమాట ఎంత పడితే కేలరీలు అంత పలచబడతాయి. తిరగమోత మాత్రం లెక్కలో వేసుకోండి. ఒక చిన్న చెంచా నూనెకు 40 కేలరీలు.

ప్రశ్న: మా వీధిలో గానుగ ఉంది. నూనె తీసిన చెనిక్కాయ చెక్కను పొడి కొట్టుకుంటే ఆ పీనట్ బటర్ పొడే కదా? కిలో ఎంతో చవక.
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: ఆలోచన బాగుంది గానీ తినకండి. సూత్రం ఒకటే, నూనె పిండగా మిగిలిన పిప్పి. తేడా దానికి ముందూ వెనకా జరిగే పనిలో ఉంది. తినే పొడికి గింజను ఏరి, వేయించి, పొట్టు తీసి, శుభ్రమైన యంత్రంలో పిండుతారు. గానుగలో వేసేది సాధారణంగా పచ్చి గింజ, పొట్టుతో సహా. చెక్క పశువులకు పోయేదే కదా అని గోతాల్లో, తడి నేల మీద పడి ఉంటుంది.

అసలు భయం బూజుది. వేరుశనగకు పట్టే ఆస్పర్‌జిల్లస్ బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది, అది కాలేయానికి చెరుపు. వేయించినా ఉడికించినా పూర్తిగా పోదు. మన రాయలసీమలో లాగా వానాధారం చేలల్లో, కాయ ఊరే సమయానికి బెట్ట తగిలితే ఈ బూజు పట్టే అవకాశం ఎక్కువ. గింజను పిండినప్పుడు ఆ విషం నూనెలోకి పోయేది కొంచెమే, చాలావరకు చెక్కలోనే మిగులుతుంది. బూజు చెక్క ఆవుకు పెట్టినా పాలలోకి కొంత దిగుతుంది, కాబట్టి పశువులకైనా చూసి పెట్టండి.

తప్పదనుకుంటే ఒకటే మార్గం. మీ గింజలు మీరే ఏరండి. ముడతలు పడ్డవి, రంగు మారినవి, మొలక వచ్చినవి, చేదువి తీసేయండి. దోరగా వేయించి, పొట్టు తీసి, గానుగ కడిగి ఆరబెట్టాక మొదటి వాయిగా మీది ఆడించుకోండి. చెక్క వెంటనే తెచ్చి, చిదిపి, ఎండలో పెళపెళలాడేదాకా ఆరబెట్టి పట్టాలి. గానుగలో నీళ్లు చిలకరిస్తారు, ఆ తడితో మూట కడితే రెండోరోజుకే ముక్కిపోతుంది. ఇంత చేసినా నూనె ఇంకా కొంత మిగిలే ఉంటుంది, కేలరీలు డబ్బా మీద అంకెకు రావు.

ప్రశ్న: చక్కెర బదులు మన చిత్తూరు బెల్లం వేసి జామ్ చేస్తే కేలరీలు తగ్గుతాయా?
– పుత్తూరు నుంచి

జవాబు: తగ్గవు. చక్కెరకు 100 గ్రాములకు 400 దగ్గర ఉంటే, బెల్లానికి 380 దగ్గర. రుచి కోసం వేసుకోండి, బరువు కోసం కాదు.

ప్రశ్న: తోతాపురి గుజ్జు డబ్బా తెచ్చి, చక్కెర సగానికి తగ్గించి జామ్ చేశాను. గట్టిపడలేదు. పదోరోజుకు పైన తెల్లగా బూజు. ఎక్కడ తప్పు?
– ఒక గృహిణి, పాకాల

జవాబు: తప్పు చక్కెర తగ్గించడంలో లేదు, తగ్గించాక కూడా దాన్ని జామ్ లాగే చూడడంలో ఉంది. మామూలు జామ్‌లో కరిగిన ఘనపదార్థం 65 శాతం ఉండాలి, అందులో అత్యధికం చక్కెరే. అది రెండు పనులు చేస్తుంది. నీళ్లను పట్టి ఉంచి బూజుకు అందకుండా చేస్తుంది, పండులోని పెక్టిన్ అనే జిగురు పదార్థం గడ్డకట్టడానికి తోడ్పడుతుంది. మీరు తీపి తగ్గించాననుకున్నారు, ఆ రెండు పనుల్నీ తీసేశారు. వాటిని వేరేవాటికి అప్పజెప్పాలి. గడ్డకట్టించడం చియా గింజలకు, కాపాడడం ఫ్రిజ్‌కు.

డబ్బా వెనక చూసి చక్కెర కలపని గుజ్జు తీసుకోండి. తీపి గుజ్జు అని విడిగా అమ్ముతారు, అది తెస్తే పని మొదలుకాకముందే ఓడిపోయినట్టు. 500 గ్రాముల గుజ్జు, 60 గ్రాముల చక్కెర, రెండు పెద్ద చెంచాల నిమ్మరసం, 24 గ్రాముల చియా గింజలు. గుజ్జు, చక్కెర మందపాటి గిన్నెలో వేసి, మొత్తం 430 గ్రాముల దగ్గరికి వచ్చేదాకా సన్నమంట మీద తిప్పండి. ఖాళీ గిన్నె బరువు ముందే రాసిపెట్టుకుంటే మధ్యమధ్య కాటా మీద పెట్టి చూడొచ్చు. మామిడి గుజ్జు చిక్కబడే కొద్దీ బుడగలు పగిలి చెయ్యి మీదికి చిందుతుంది, పొడుగు గరిటె వాడండి. దించి, నిమ్మరసం, చియా వేసి కలపండి. ఐదు నిమిషాలకు ఇంకోసారి కలపకపోతే గింజలన్నీ ఒకచోట ముద్ద కడతాయి. అరగంటకు చెంచాలో నిలబడేంత చిక్కదనం వస్తుంది.

లెక్కకు 100 గ్రాములకు 145 కేలరీలు వస్తుంది. కొన్న జామ్‌లో 260 పైన. సబ్జా గింజలూ ఉబ్బుతాయి గానీ అవి గుజ్జును పట్టి ఉంచవు, షర్బత్‌లో తేలినట్టు తేలతాయి. తోతాపురికి పుల్లదనం కొంచెం ఉండడం ఇక్కడ మేలే, తీపి తక్కువైనా చప్పగా అనిపించదు. జూన్, జూలైలో కాయలు దిగేటప్పుడైతే పండు గుజ్జే తీసుకోండి, పీచు జల్లెడలో వడకట్టాలి.

తీపి ఇంకా తగ్గించి స్వీటెనర్ వేద్దామంటే, పొయ్యి మీద వేడికి సుక్రలోజ్ తట్టుకుంటుంది. అస్పార్టేమ్ అయితే వేడికి తీపి కోల్పోతుంది, దించి చల్లారాకే కలపాలి. స్టీవియా ఎక్కువైతే చివర్న చేదు తగులుతుంది. ఎరిథ్రిటాల్ ఫ్రిజ్‌లో పెడితే పలుకులు కట్టి కరకరమంటుంది.

వేడినీళ్లలో మరగబెట్టి ఆరబెట్టిన చిన్న సీసాల్లో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. వారంలో తినేయాలి. పైన బూజు చుక్క కనబడితే అంతవరకే తీసేసి తినడం పనికిరాదు. చక్కెర తక్కువున్న మెత్తటి సరుకులో బూజు వేళ్లు లోపలికి పోయి ఉంటాయి.

ప్రశ్న: శాండ్‌విచ్‌కు వెన్న, మయనైజ్ బదులు గడ్డపెరుగు కట్టి వాడుతున్నాను. పులిసిపోతోంది, నీరుకారుతోంది.
– శ్రీకాళహస్తి నుంచి

జవాబు: గుడ్డలో కట్టి కుళాయికి వేలాడదీస్తున్నారేమో. మన ఎండలకు ఆ ఆరేడు గంటల్లో పెరుగు పులవక ఏం చేస్తుంది? తోడుకోగానే రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టి, తర్వాత జల్లెడ మీద పలచని నూలుగుడ్డ పరిచి, కింద గిన్నె పెట్టి, మొత్తం ఫ్రిజ్‌లోనే రాత్రంతా ఉంచండి. గుడ్డను చేత్తో పిండొద్దు, పిండితే పెరుగు విరిగి పలుకులవుతుంది. లీటరు టోన్డ్ పాల పెరుగుకు 350 నుంచి 400 గ్రాముల కట్టు పెరుగు వస్తుంది. డబుల్ టోన్డ్‌లో కొవ్వు ఒకటిన్నర శాతమే కాబట్టి నోటికి సుద్దలా తగులుతుంది, 3 శాతం ఉండే టోన్డ్ పాలే నయం. కారిన నీళ్లు చపాతీ పిండి కలపడానికి, రసానికి పనికొస్తాయి.

ఉప్పు తినేముందే కలపండి, ముందే వేస్తే నీళ్లు లాగుతుంది. దోసకాయ ముక్కల్ని ఉప్పు చల్లి పది నిమిషాలుంచి గుడ్డతో అద్ది వాడండి. పది గ్రాముల వెన్నకు 72 కేలరీలైతే, 20 గ్రాముల ఈ కట్టు పెరుగుకు 22. పెనం మీద కాల్చే శాండ్‌విచ్‌లో పెట్టకండి, వేడికి విరిగి నీరు వదులుతుంది. బ్రెడ్డు ముందు కాల్చి తర్వాత రాయండి.

ప్రశ్న: 'రెడ్యూస్డ్ ఫ్యాట్', 'లో ఫ్యాట్' రెండూ ఒకటేనా?
– తిరుపతి విద్యార్థి

జవాబు: కాదు. మన ఆహార ప్రమాణాల ప్రకారం ఘనపదార్థాల్లో 'లో ఫ్యాట్' అనాలంటే 100 గ్రాములకు కొవ్వు 3 గ్రాములు దాటకూడదు. 'తగ్గించినది' అంటే పోల్చిన సరుకు కంటే కనీసం 25 శాతం తక్కువ ఉంటే చాలు. పీనట్ బటర్‌లో ఈ రెండో రకం దగ్గర జాగ్రత్త. 16 గ్రాముల కొవ్వును 12కు తగ్గించి, ఆ ఖాళీలో చక్కెర, పిండిపదార్థం నింపితే రెండు చెంచాలకు మళ్లీ అదే 190 కేలరీలు తేలిన డబ్బాలున్నాయి. ముందువైపు అట్ట వదిలేయండి. వెనక 100 గ్రాములకు అని రాసిన గడిలో మొదటి అంకె చూడండి.

ప్రశ్న: మీరు చెప్పిన మామిడిది, పుట్నాలది ఫ్రీజర్‌లో పెట్టొచ్చా?
– కుప్పం నుంచి

జవాబు: మామిడిది పెట్టొచ్చు, చిన్న డబ్బాల్లో రెండు నెలలు. ఒక డబ్బా రాత్రి కింది అరలోకి మార్చుకుంటే పొద్దుటికి సిద్ధం, కరిగాక తిప్పి మళ్లీ గడ్డకట్టించొద్దు. పుట్నాలది నీళ్లు కలపకముందు పెట్టొచ్చు గానీ అవసరం లేదు. నీళ్లు కలిపాక పెడితే కరిగినప్పుడు నీళ్లు ఒకవైపు, పిండి ఒకవైపు అవుతుంది.